గస్తీ విమానాల రంగులు: బొమ్మలు చెప్పనివి

రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల బొమ్మల పుస్తకం మీలో చాలామంది ఏదో ఒక గ్రంథాలయంలో తిరగేసే ఉంటారు. నున్నని కాగితం, పేజీకో విమానం, ప్రక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా గీసిన రంగుల చిత్రం. రెక్క మీద నక్షత్రమో, గుండ్రని చక్రమో. తోక మీద అంకెలు. కింద పేరు, వేగం, మోసిన బాంబుల బరువు. ఇలాంటి పుస్తకాలు మంచివేనా? వాటిని చూసి చరిత్ర నేర్చుకోవచ్చా? ఈ నెల ఆ ప్రశ్నను పరీక్షిద్దాం. అన్ని విమానాల జోలికీ పోకుండా, సముద్రం మీద గస్తీ తిరిగిన బాంబర్లనే తీసుకుందాం. ముఖ్యంగా రెండింటిని: నీటి మీద వాలగల కాటలీనా, నాలుగు ఇంజన్ల లిబరేటర్. ఈ రెండూ మన తీరాల కథలోనూ ఉన్నాయి.

ముందుగా ఒప్పుకోవలసింది ఒకటుంది. ఈ బొమ్మల వెనుక చాలా ఓపిక ఉంది. పాత ఫోటోలను వేలకొద్దీ పోగుచేసి, ఏ దళం ఏ అక్షరం వాడింది, ఏ నెలలో ఏ గుర్తు మారింది అని వర్గీకరించిన వారిలో చాలామంది జీతం తీసుకున్న చరిత్రకారులు కారు, ఆసక్తితో పనిచేసిన మామూలు మనుషులు. వారి శ్రమ లేకపోతే ఈ వ్యాసమూ లేదు. నా ఫిర్యాదు వారి మీద కాదు. ఆ శ్రమను అచ్చులోకి తెచ్చేటప్పుడు జారిపోతున్న మూడు విషయాల మీద.

మొదటిది: రంగు ఎందుకు?

చాలా పుస్తకాలు 'అడుగు భాగం తెలుపు' అని చెప్పి ఊరుకుంటాయి. ఎందుకు తెలుపు అన్నది చెప్పవు. నిజానికి ఈ కథలో అన్నిటికంటే రుచికరమైన భాగం అదే.

1941లో బ్రిటిష్ తీర రక్షణ వైమానిక విభాగంలో పాట్రిక్ బ్లాకెట్ అనే భౌతిక శాస్త్రవేత్త చేరారు. విశ్వకిరణాల మీద పరిశోధనలు చేసిన ఈయనకే తరవాత 1948లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ విభాగానికి అప్పుడొక చిక్కు ఉండేది. జలాంతర్గామి పైనున్న కాపలాదారు విమానాన్ని ముందే చూసేస్తున్నాడు. దాడి జరిగేలోపు జలాంతర్గామి మునిగిపోతోంది. ఆ విమానాల్లో చాలావాటి అడుగు భాగం నల్లగా ఉండేది. కారణం చాలా మామూలుది. అవి రాత్రిపూట నగరాలపై బాంబులు వేయడానికి తయారైనవి. రాత్రి చీకట్లో సెర్చిలైట్లను తప్పించుకోవడానికి నలుపు మంచిదే. కాని పగటిపూట, మబ్బు పట్టిన అట్లాంటిక్ ఆకాశం ముందు, నల్లని విమానం తెల్లకాగితం మీద సిరా చుక్కలా కనిపిస్తుంది. సముద్రపు కొంగల పొట్ట తెల్లగా ఎందుకుంటుందో ఆలోచించండి. చేపకు పైనున్న ఆకాశం వెలుగే కనిపిస్తుంది. ఆ వెలుగులో కలిసిపోవాలంటే పక్షి తెల్లగా ఉండాలి.

విమానాలకు తెల్లరంగు వేసి పరీక్షించారు. తెల్లని విమానం, నల్లని విమానం కంటే సుమారు 20 శాతం తక్కువ దూరం వచ్చేదాకా కంటబడలేదు. ఇరవై శాతమేనా అంటారేమో. చిన్న లెక్క వేద్దాం. విమానం వేగం గంటకు 300 కిలోమీటర్లు అనుకోండి, అంటే నిమిషానికి 5 కిలోమీటర్లు. నల్లని విమానం 10 కిలోమీటర్ల దూరంలో కనబడితే, పైకి రావడానికి దానికి 120 సెకండ్లు పడుతుంది. జలాంతర్గామి మునగడానికి అరనిమిషం. అంటే అది మునిగిన 90 సెకండ్లకు విమానం వస్తుంది. తెల్లని విమానం 8 కిలోమీటర్ల దగ్గర కనబడుతుంది. 96 సెకండ్లలో వచ్చేస్తుంది. మునిగి 66 సెకండ్లే. ఆ వ్యవధిలో జలాంతర్గామి ఏ దిక్కుకైనా పోయి ఉండవచ్చు గనక దాన్ని వెదకవలసిన చోటు ఒక వృత్తం. వృత్త వైశాల్యం వ్యాసార్ధం వర్గాన్ని బట్టి ఉంటుంది. 66ను 90తో భాగించి వర్గం చేయండి: 0.54 వస్తుంది. దూరంలో 20 శాతం తగ్గితే వెదకవలసిన వైశాల్యం దాదాపు సగమైంది! ఇవి అర్థమవడానికి నేను తీసుకున్న అంకెలే. కాని ఒక డబ్బా తెల్లరంగు ఏం చేయగలదో మీకు ఈ లెక్క చూపిస్తుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఎంత తెల్లగా పూసినా విమానం అడుగు భాగం నీడలోనే ఉంటుంది. ఆకాశం కంటే కాస్త నల్లగానే కనిపిస్తుంది. అందుకని 1943లో అమెరికావారు 'యెహూదీ' అనే రహస్య పథకంలో రెక్కల ముందు అంచున దీపాలు అమర్చి, ఆకాశపు వెలుగుకు సరిపోయేలా వెలిగించి చూశారు. సుమారు 19 కిలోమీటర్ల దూరంలో కనబడవలసిన విమానం 3 కిలోమీటర్ల లోపుకు వచ్చేదాకా కనబడలేదు. విమానాన్ని దాచడానికి దీపం పెట్టడం! ఇంతలో రాడార్లు మెరుగుపడడంతో ఆ పథకం వాడుకలోకి రాలేదు.

అటు పసిఫిక్‌లో, 1942 చివర, అమెరికా నౌకాదళం కొన్ని కాటలీనాలకు పూర్తిగా నల్లరంగు పూసి రాత్రి దాడులకు పంపింది. వాటికి 'నల్ల పిల్లులు' అని పేరొచ్చింది. ఒకే జాతి విమానం, ఒకే యుద్ధం, ఒకచోట తెలుపు, మరోచోట నలుపు. బొమ్మల పుస్తకం ఈ రెండింటినీ పక్కపక్కనే వేస్తుంది. 'రెండూ ఎలా సరైనవి?' అని మాత్రం అడగదు. అడిగితే అది విజ్ఞాన శాస్త్ర పుస్తకం అయ్యేది.

రెండోది: ఎలా తెలిసింది?

అమెరికా గుర్తును చూడండి. మొదట నీలి వృత్తంలో తెల్ల నక్షత్రం, దాని మధ్య ఎర్ర చుక్క. జపాన్ గుర్తు ఎర్రని సూర్యబింబం కావడంతో, తొందరలో సొంత విమానాన్నే కాల్చే ప్రమాదం ఏర్పడింది. అందుకని 1942 మే నెలలో ఎర్ర చుక్క తీసేశారు. 1943 జూన్ చివర నక్షత్రానికి రెండు ప్రక్కలా తెల్ల పట్టీలు చేర్చి, మొత్తానికి ఎర్ర అంచు గీశారు. ఎరుపు మళ్ళీ వచ్చేసరికి మళ్ళీ అదే భయం. ఆగస్టు మధ్యలో అంచును నీలంగా మార్చమని ఆదేశం వచ్చింది. అంటే ఎర్ర అంచు ఆయుష్షు, ఆదేశాల ప్రకారం, ఏడు వారాలు. మన ప్రాంతంలోనూ ఇదే జరిగింది. భారత్, సింహళం నుంచి ఎగిరిన బ్రిటిష్ విమానాల చక్రంలో మధ్యనున్న ఎరుపును 1942 నుంచి తెల్లరంగుతో కప్పేశారు. తరవాత ముదురు నీలం, లేత నీలం చక్రాలు వచ్చాయి. మన వాయుసేన విమానాలూ అవే ధరించాయి.

ఇప్పుడు చిత్రకారుడి స్థానంలో మీరు కూర్చోండి. మీ ఎదుట ఒక పాత నలుపు తెలుపు ఫోటో. పట్టీల చుట్టూ సన్నని అంచు ఉంది. అది ఎరుపా, నీలమా? ఆ రోజుల్లో రెండు రకాల ఫిల్ములు వాడేవారు. ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు దాదాపు కనబడదు. అందువల్ల ఎర్ర వస్తువు ఫోటోలో నల్లగా, నీలి వస్తువు తెల్లబారి వస్తాయి. పసుపు కూడా ముదురుగా పడుతుంది. పాన్‌క్రొమాటిక్ ఫిల్ము అన్ని రంగులనూ గ్రహిస్తుంది. కాని అందులో ఎరుపూ, నీలమూ ఇంచుమించు ఒకే బూడిదరంగుగా రావచ్చు. దానికి తోడు ఉష్ణమండలపు ఎండ, ఉప్పుగాలి. ముదురు రంగు ఏడాది తిరక్కుండా వెలిసిపోతుంది. ఆదేశం కాగితం మీద ఉన్న తేదీ వేరు, మారుమూల దీవిలో కుంచె పట్టుకున్న తేదీ వేరు.

ఇన్ని సందేహాలుండగా, పుస్తకంలో అచ్చయిన బొమ్మలో ఒక్క సందేహమూ కనబడదు. ఖాయంగా తెలిసిన భాగం, ఊహించిన భాగం ఒకే మెరుపుతో ఉంటాయి. ఇది నా రెండో ఫిర్యాదు, అసలైనది కూడా. మనం ప్రయోగశాలలో కొలత రాసేటప్పుడు పొరపాటు అవధిని కూడా రాస్తాం. రంగుల బొమ్మకు ఆ నియమం వర్తించదా? ఎడమ వైపు ఫోటో మాత్రమే దొరికితే, 'కుడి వైపు ఊహ' అని ఒక్క ముక్క రాయడానికి ఎంత చోటు కావాలి?

'పిల్లలకు రంగులు కావాలి, అనుమానాలు కాదు' అని ప్రచురణకర్తలు అనవచ్చు. నేను ఒప్పుకోను. డైనోసార్ల పుస్తకాలు ఎన్నో ఏళ్ళు ఊహించిన రంగులతోనే వచ్చాయి. 2010లో శిలాజ ఈకలలో రంగు కణాల ఆనవాళ్ళు పరిశీలించి, ఒక చిన్న డైనోసార్ తోకకు ఎర్రగోధుమ చారలు ఉండేవని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ వార్త పిల్లలను ఉర్రూతలూపింది. ఎందుకని? ఇంతకుముందు మనకు తెలియదని వారికి తెలుసు గనుక. తెలియనితనాన్ని దాచిపెడితే, తెలుసుకున్నప్పటి ఆనందమూ పోతుంది.

మూడోది: ఎవరిని తుడిచేశారు?

గుర్తులు యజమాని ఎవరో చెబుతాయి, నడిపినవారెవరో చెప్పవు. 1941 మే 26న జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌ను సముద్రం మధ్య పట్టి చూపించింది ఒక బ్రిటిష్ కాటలీనా. దాని మీద బ్రిటిష్ చక్రాలే ఉన్నాయి. కాని ఆ సమయంలో దాన్ని నడుపుతూ నౌకను చూసినది లెనార్డ్ స్మిత్ అనే అమెరికా నౌకాదళ అధికారి. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలో లేదు! ఆ రహస్యాన్ని ఏ రంగూ చెప్పదు.

1942 ఏప్రిల్ 4న సింహళానికి ఆగ్నేయంగా జపాన్ విమానవాహక నౌకల దండును మొదట చూసినది కూడా ఒక కాటలీనాయే. కొగ్గల సరస్సు నుంచి ఎగిరిన కెనడా దళానిది. లెనార్డ్ బర్చల్, ఆయన సహచరులు హెచ్చరిక పంపుతూండగానే విమానం కూలింది. బతికినవారు ఖైదీలయ్యారు. మరునాడు కొలంబో మీద దాడి జరిగింది. ఆ మరునాడు, ఏప్రిల్ 6న, బంగాళాఖాతంలో తిరుగుతున్న మరో జపాన్ దండులోని ర్యూజో నౌక విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మన తీరవాసులు అనుభవించిన ఈ యుద్ధానికి బొమ్మల పుస్తకాలలో దొరికే చోటు చాలా స్వల్పం.

అన్నిటికంటే పెద్ద తుడిచివేత లిబరేటర్‌ది. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాయుసేన కాన్పూరులో పదులకొద్దీ లిబరేటర్లను, మళ్ళీ ఎవరికీ పనికిరాకుండా పాడుచేసి వదిలేసింది. స్వతంత్ర భారతానికి బాంబర్లు కావలసివచ్చాయి. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థవారు వాటిని ఎగరగలిగేంతవరకు బాగుచేశారు. జంషెడ్ మున్షీ అనే పైలట్ వాటిని ఒక్కొక్కటిగా బెంగుళూరుకు నడిపి తెచ్చారు. అక్కడ పూర్తి మరమ్మతు జరిగింది. 1948 నవంబరులో వాటితో మన అయిదో స్క్వాడ్రన్ ఏర్పడింది. తరవాత ఆరో స్క్వాడ్రన్ వాటితో సముద్ర గస్తీ తిరిగింది. 1968 దాకా అవి పనిచేశాయి. ప్రపంచమంతటా తుక్కుగా మారిన విమానం మన దేశంలో ఇరవై ఏళ్ళు బతికింది.

ఫలితమేమిటి? లిబరేటర్లు కావాలనుకున్న విదేశీ ప్రదర్శనశాలలు భారత్ వైపు చూశాయి. కెనడాకు 1968లో, అమెరికాలోని అరిజోనాకు 1969లో, బ్రిటన్‌కు 1974లో మన విమానాలు వెళ్ళాయి. అక్కడ వాటికి యుద్ధకాలపు రంగులు వేశారు. ఆ సంస్థల రికార్డులలో భారత్ పేరు లేకపోలేదు. ఒక విమానాన్ని ఏదో ఒక తేదీకి పునరుద్ధరించక తప్పదు కూడా. ఆ ఎంపిక వారి హక్కే. కాని చూసేవాడి కంటికి కనిపించేది రంగే. ఆ విమానం ఇంకా ఎగిరే స్థితిలో ఎందుకు మిగిలిందో, ఆ కారణమే రంగు కింద దాగిపోయింది. ఒక్క పలక మీద, తోక దగ్గరో తలుపు పక్కనో, మన మూడు రంగుల చక్రాన్ని ఉంచితే ఏం పోయేది? ఢిల్లీ పాలంలోని వాయుసేన ప్రదర్శనశాలలో మన లిబరేటర్ ఒకటి మన గుర్తులతోనే ఉంది. వెళ్ళినప్పుడు దాని దగ్గర కాసేపు ఆగండి.

అంత దూరం వెళ్ళలేనివారు విశాఖ సముద్రతీరానికి వెళ్ళండి. 2017 డిసెంబరు నుంచి అక్కడ టి.యు.-142 గస్తీ విమానం ఉంది. అది యుద్ధకాలపుది కాదు. 1988 నుంచి 2017 దాకా మన నౌకాదళంలో పనిచేసినది. తను పనిచేసిన దళం పేరుతోనే నిలబడి ఉంది. 1942లో బాంబులు పడిన తీరంలోనే గస్తీ విమానం ప్రజలకు పాఠమవడం సముచితం.

ఇక బొమ్మల పుస్తకాలు చదవాలా, వద్దా? తప్పక చదవండి. కాని ప్రతి బొమ్మనూ మూడు ప్రశ్నలు అడగండి. ఈ రంగు ఎందుకు వేశారు? ఇది ఇలాగే ఉండేదని ఎలా తెలిసింది? ఈ గుర్తుకు ముందు, తరవాత ఈ విమానం ఎక్కడుంది? జవాబు పుస్తకంలో దొరికితే అది మంచి పుస్తకం. దొరకకపోతే, పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టుకోండి. పుస్తకం గ్రంథాలయానిదైతే మాత్రం మీ నోటుబుక్కులో పెట్టుకోండి.

బ్లాకెట్ చేసిందీ అంతే. అందరూ రోజూ చూస్తున్న నల్లరంగును ఆయన ప్రశ్నగా చూశారు. స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వం ఆహ్వానిస్తే, రక్షణ రంగంలో విజ్ఞానశాస్త్రాన్ని ఎలా వాడుకోవాలో 1948లో నివేదిక ఇచ్చినదీ ఆయనే. విమానం రంగు ఏమిటని అడగడం చిన్న ప్రశ్నేమీ కాదు.