కైవారం నారాయణప్ప: ఒక ముద్ర, అనేక రచనలు

పోయిన ఏడు మా దగ్గర పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థికి మేము ఒక సలహా ఇచ్చాము. ఆయనది చింతామణి వైపు పల్లె. పగలు గ్రంథాలయం, సాయంత్రం భజన బృందంలో హార్మోనియం, జాతరల రోజుల్లో నాటకాలకు పరదాలు రాయడం, మధ్యలో సొంతంగా పాటలు కట్టడం. అధ్యాయం ఆలస్యమైనప్పుడల్లా ఈ పనుల్లో ఏదో ఒకటి కారణంగా వచ్చేది. "ఏదో ఒకటి పట్టుకో నాయనా, రెండు పడవల మీద కాళ్ళు పెట్టవద్దు" అన్నాము. ఆయన తల వంచుకుని, "మా తాతయ్య అన్నీ చేసినాడు కదా సార్" అన్నాడు. సొంత తాతగారి మాట చెబుతున్నాడనుకున్నాము. ఆ అన్నది కైవారం తాతయ్యను గురించి అని తెలియడానికి కొంతసేపు పట్టింది.

కైవారం చింతామణి తాలూకాలోని గ్రామం. 2007లో కోలారు నుంచి వేరైన చిక్కబళ్ళాపుర జిల్లాలో ఉంది. తాతయ్య అసలు పేరు నారాయణప్ప. సంప్రదాయం ఆయన కాలాన్ని 1726–1836గా చెబుతుంది, అంటే నూటపది సంవత్సరాల జీవితం. ఇంటి వృత్తి గాజుల వ్యాపారం. వ్యాపారంలో లాభం చూడనివాడని, అందుకు ఇంట్లో మాట పడినవాడని స్థలకథ. నడివయసు దాటాక పరదేశి అనే గురువు ఉపదేశం, కొండ గుహలో తపస్సు, ఆపైన రచన. ఆ రచన ఒక రకం కాదు. అమరనారేయణ శతకం ఉంది, తత్వాలు, కీర్తనలు ఉన్నాయి, కాలజ్ఞానం ఉంది. తెలుగులోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది.

ఇన్ని చేసిన మనిషిని మన విమర్శ ఏం చేసింది? పంచుకుంది. కాలజ్ఞానం భక్తులకు వదిలేశాము. కీర్తనలు పాడేవాళ్ళకు ఇచ్చాము. శతకాన్ని శతక వాఙ్మయంలో ఒక పేరుగా చేర్చి ఊరుకున్నాము. కన్నడ పదాలను కన్నడ శాఖ చూసుకుంటుందనుకున్నాము, వారు తెలుగు పదాలను మనం చూసుకుంటామని అనుకున్నారు. ఒక్కొక్క వాటాలో ఆయన చిన్నవాడుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. శతకకారుడుగా వేమన పక్కన నిలబెడితే తగ్గుతాడు, కీర్తనకారుడుగా త్యాగయ్య పక్కన నిలబెడితే తగ్గుతాడు. కాని ఆయన చేసిన పని ఈ వాటాలలో దేనిలోనూ పూర్తిగా లేదు. ఒకే సరకును గొంతు మార్చి, రూపం మార్చి, భాష మార్చి వేర్వేరు వినికిడులకు అందించడం ఆయన పని. దానిని దానిగానే చదవాలని మా అభిప్రాయం.

ఇక్కడ ఒక ఆకర్షణను ముందే వదులుకోవాలి. మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతూ, ఊరికీ ఊరికీ మధ్య దారిలో పదం కట్టుకున్న కవి అని రాయడానికి కలం ఉబలాటపడుతుంది. సంప్రదాయం అలా చెప్పదు. వ్యాపారం ముందు, పాట తర్వాత. అయితే గాజుల దారి వృథా పోలేదు. గాజులు అమ్మేవాడు గడప ముందు నిలబడి రెండు భాషలలో మాట్లాడాలి, ఆడవాళ్ళతో మాట్లాడాలి, విసుగు పుట్టకముందే మాట ముగించాలి. ఆయన పదాలలోని సంబోధనల వరుస, పాండిత్యం ఎత్తుకున్నా చటుక్కున ఇంటి మాటలోకి దిగిపోవడం ఆ గడపల దగ్గర అబ్బినవేనని మేము అనుకుంటున్నాము. అక్కడి రెండు భాషలు ఎంత దగ్గరివంటే ఊరి పేర్లే సాక్ష్యం. బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని 2025 జులైలో కర్ణాటక మంత్రివర్గం నిర్ణయించింది. 'పల్లి' తెలుగు మాట అన్నది అప్పుడు వినిపించిన వాదం. కన్నడంలో పకారం హకారమై 'హళ్ళి' అయింది గాని రెండూ ఒకే మాట. పైగా భాగ్యనగరం అంటే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది హైదరాబాదు!

రూపాల సంగతి చూద్దాము. శతకపద్యం దేనికది పూర్తి. మకుటం ముందే సిద్ధంగా ఉంటుంది కనుక పద్యం చివరి భాగం కవి చేతిలో ఉన్నట్టే. ఇవాళ ఒకటి చెప్పి, పది రోజుల తర్వాత మరొకటి చెప్పినా దారం తెగదు. అనేక పనుల మనిషికి ఇంతకంటె అనువైన రూపం లేదు. తత్వం అలా కాదు. పల్లవి పదిమందీ అందుకోవాలి, చరణం ఒక్కడు పాడాలి. అంటే కవి తన మాటలో సగం గుంపుకు అప్పగించాలి. అందుకే తత్వాల పల్లవులలో భావం తేలిక, చరణాలలో బరువు. కాలజ్ఞానం మరొక దారి. అక్కడ క్రియలన్నీ రాబోయే కాలానివి, చెప్పేవాడు తన పేరు మీద కాక కాలం పేరు మీద మాట్లాడతాడు. పోతులూరి వీరబ్రహ్మం పేరుతో ఆ రూపం అప్పటికే జనంలో ఉంది. శతకంలో వేడుకునే గొంతు, తత్వంలో పిలిచే గొంతు, కాలజ్ఞానంలో హెచ్చరించే గొంతు. ఒకే మనిషి మూడింటినీ కలగాపులగం చేయకుండా నడిపాడు. నిజమైన నేర్పు అక్కడ ఉంది.

వీటన్నిటినీ కలిపి కట్టేది ముద్ర. కైవారం గుడిలోని దేవుడు అమరనారాయణుడు, కవి పేరు నారాయణప్ప. ముద్రలో మాత్రం అది 'నారేయణ'. ఛందస్సు కోసం మార్చుకున్నాడని ఎవరైనా అంటే నమ్మవద్దు. 'నారాయణ', 'నారేయణ' రెండింటిలోనూ రెండు గురువులు, రెండు లఘువులు. గణం మారదు. యకారం పక్కన ఆకారం ఏకారం వైపు జరగడం నోటికి సహజం, అది మాట్లాడే భాష గుర్తు. పుస్తకంలోని పేరును కాదని నోటిలోని పేరును సంతకంగా పెట్టుకున్నాడు. ఏ పని చేసినా ఆ సంతకమే.

లోపాలు లేవా? ఉన్నాయి. ఇడ, పింగళ, సుషుమ్న, ఆరు చక్రాలు, నాదం, బిందువు, ఈ మాటలు పదే పదే వస్తాయి. కొన్ని తత్వాలలో పరిభాష తప్ప మరేమీ మిగలదు. మౌనంగా చదివితే విసుగు. పాడినప్పుడు ఆ మాటలే ఆగి ఊపిరి తీసుకునే చోట్లుగా మారతాయి, నిజమే. కాని పాట ప్రతి లోపాన్నీ కడిగేయదు. చేతిలో అనేక రూపాలున్న మనిషికి ఒకదానిలో తట్టిన మాటను మరొకదానిలోకి యథాతథంగా మోసుకుపోయే సదుపాయం ఉంటుంది, ఆయన దానిని ఎక్కువే వాడుకున్నాడు. మరొక నష్టం సంగీతం వైపు. ఆయనకు కొంచెం తర్వాతివాడైన త్యాగయ్య (1767–1847) కూడా ఆస్థానాలను ఆశ్రయించనివాడే. కృతులతోపాటు 'ప్రహ్లాద భక్తి విజయము', 'నౌకా చరిత్రము' చేశాడు. కాని ఆయన పాటను రాసి పెట్టుకున్న శిష్య పరంపరలు ఉన్నాయి. కైవారం పదాన్ని మేము మూడు చోట్ల మూడు వరుసలలో విన్నాము.

ఒకే మనిషి, అనేక కళలు అనగానే తెలుగు విద్యార్థులకు తట్టే పేరు అడవి బాపిరాజు (1895–1952). కవి, నవలాకారుడు, పాటగాడు, చిత్రకారుడు, న్యాయవాద పట్టా ఉన్నవాడు. బందరు జాతీయ కళాశాలకు అధ్యక్షుడుగా, హైదరాబాదులో 'మీజాన్' పత్రికకు సంపాదకుడుగా పనిచేశాడు, సినిమాలకు కళాదర్శకత్వం చేశాడు. 'నారాయణరావు' నవల 1934లో 'వేయిపడగలు'తో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పంచుకుంది. ఒకదానినే నమ్ముకుంటే ఇంకా గొప్పవాడయ్యేవాడని మా చదువు రోజుల్లో పెద్దలు అనేవారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 'హిమబిందు'లో చిత్రకారుడు బట్టలూ నగలూ చూస్తూ నిలబడిపోయి కథను నడవనివ్వని ఘట్టాలు ఉన్నాయి. కాని శిల్పి సువర్ణశ్రీని అంత దగ్గరగా చూపింది కూడా ఆ చిత్రకారుడే. కుంచెను తీసేసి నవలను ఉంచుకోవడం కుదరదు.

మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుంచి 1949 వరకు తెలుగు చెప్పిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మీకు ఇంకా దగ్గరివారు. విమర్శకులు, అనువాదకులు, సంగీతజ్ఞులు. 1928లో వేమన మీద ఉపన్యాసాలు ఇచ్చారు, తర్వాత తిరుపతిలో అన్నమయ్య పాటలకు స్వరాలు కట్టారు, 1974లో సంగీత కళానిధి అయ్యారు. వేమనను కవిగా చదవడం వారు నేర్పారు. కైవారానికి అటువంటి చదువు ఇంకా బాకీ ఉంది.

ఆ బాకీ తీర్చగలవారు మీరే. ఈ తెలుగు పదాలను ఎక్కువమంది కన్నడ లిపిలో చదివి పాడుతున్నారు. కోస్తానుంచి వచ్చిన పండితుడు ఆ పుస్తకం తెరవలేడు, తెరిచినా ఆ మాటల పలుకుబడి అతనికి చెవికెక్కదు. బాగేపల్లి, చింతామణి ఇళ్ళలో పెరిగిన విద్యార్థికి లిపి తెలుసు, మాట తెలుసు, వరుస కూడా తెలుసు. ఒక పదం ఎత్తుకుని, పాడేవాళ్ళ దగ్గర కూర్చుని, వరుసతో సహా తెలుగు లిపిలో రాసి చూడండి. అచ్చులో ఉన్నదానికీ నోటిలో ఉన్నదానికీ ఎక్కడ తేడా వస్తుందో అక్కడ గుర్తు పెట్టండి.

మా విద్యార్థి ఇప్పుడు చేస్తున్నది అదే. హార్మోనియం మానమని మేము మళ్ళీ చెప్పలేదు. కిందటి నెల నలభై పదాలు రాసి, వరుసలతో సహా తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండు చోట్ల మేము విన్న పాఠం తప్పని పాడి చూపించాడు. అధ్యాయం మాత్రం ఇంకా రావలసి ఉంది.