దయ్యము నోట తెలుగు

భయానక చలనచిత్రమును ప్రదర్శనశాలలో చూచుట వేరు, ఇంట కూర్చుండి చూచుట వేరు. శాలలో చీకటి కలదు, ఎరుగని జనసమూహము కలదు. ఒకరి ఉలికిపాటు వేరొకరికి సోకును. ఇంటిలోనన్ననో దీపము వెలుగుచునే యుండును, వంటయింటి చప్పుడు వినవచ్చుచుండును, జడిసిన బిడ్డకు అమ్మమ్మ ఒడి చేరువనే యుండును. 1993లో జీ టీవీ యందు రామ్సే సోదరుల 'జీ హారర్ షో' వెలువడిన పిమ్మట ఇట్టి కథలు నట్టింటి వినోదములలో చేరినవి. ముసుగులు, కిర్రుమను తలుపులు, హఠాత్తుగా మ్రోగు వాద్యములు, వీనిపై నిలిచిన భయము ఇంటి వెలుగులో సగము కరగిపోవును. అయితే ఇంట చూచినప్పుడు క్షీణింపక, వేరొక రసముగా మారు చిత్రములు కొన్ని కలవు. కర్ణాటక, తమిళనాడులలో తరతరములుగా నివసించు తెలుగు కుటుంబములకు వానితో విశేషసంబంధము కలదు. ఏలయన, వానియందు దయ్యము తెలుగు మాటలాడును.

ఈ కథకు మూలము 1993లో ఫాజిల్ దర్శకత్వమున, మధు ముట్టం రచనతో వెలువడిన మలయాళ చిత్రము 'మణిచిత్రతాళు'. పాతభవనములో తాళము బిగించిన గది యొకటి. పూర్వము హత్యకు గురియైన నర్తకి ఆత్మ అందున్నదని ప్రతీతి. ఆ యింట కాపురమునకు వచ్చిన గృహిణి తానే ఆ నర్తకినని భ్రమించు మనోవ్యాధికి లోనగును. మనోవైద్యుడొకడు ఆమెను స్వస్థురాలిని చేయును. అందలి నర్తకి నాగవల్లి తంజావూరునుండి వచ్చిన తమిళ స్త్రీ. పి. వాసు ఈ కథను 2004లో కన్నడమున 'ఆప్తమిత్ర'గను, 2005లో తమిళమున 'చంద్రముఖి'గను తీసెను. రెంటియందును నర్తకి తెలుగుది. ఆమె ఆడు నాట్యమునకు గీతమును తెలుగే. 2007లో ప్రియదర్శన్ హిందీలో తీసిన 'భూల్ భులయ్యా'లో ఆమె వంగదేశీయురాలు. దేశము మారినను సూత్రము మారలేదు: ప్రేక్షకునిది ఏ భాషయో దయ్యమునకు ఆ భాష ఉండదు, పొరుగువారి భాష ఉండును. గృహిణి తాను తాను కాదని చూపుటకు ఇంతకంటె సులభమైన ఉపాయము లేదు. కన్నులు మూసికొన్నవానికి సైతము ఆ మార్పు చెవిన పడును.

ఈ ఉపాయము ఎవరికొరకు కల్పింపబడినది? తెలుగును పరాయిభాషగా వినువారికొరకు. కోలారు, బళ్ళారి, హోసూరు, కోయంబత్తూరు, మధుర ప్రాంతములందలి తెలుగు లోగిళ్ళలో ఈ కల్పన తలక్రిందులగును. చిత్రములోని తక్కిన పాత్రలెల్ల వీధిలోను, బడిలోను వినవచ్చు భాష మాటలాడుదురు. దయ్య మొక్కటి వంటయింటి భాష మాటలాడును. బడి చదువులేని ముసలమ్మకు వైద్యుని వివరణముకంటె దయ్యము పలుకే తేటగా బోధపడును. ప్రదర్శనశాలలో ఆమె జనముతోపాటు జడిసియుండవచ్చును. ఇంటిలో జడిపించు జనము లేరు, మాటయే మిగులును. భరతుడు భయానకమునకు భయమును, కరుణమునకు శోకమును స్థాయిభావములుగా చెప్పెను. అర్థము కాని కేక భయమునకు హేతువు. అర్థమైన కేక శోకమునకు హేతువు. కన్నడ, తమిళ ప్రేక్షకునకు భయానకమైన ఘట్టమే ఈ యిండ్లలో కరుణమగుటకు కారణమిదియే.

ఆ శోకమునకు కథలో తగిన ఆధారము కలదు. 'చంద్రముఖి'లో నర్తకిని ఆంధ్రదేశమునుండి రాజు తన భవనమునకు తెచ్చును. ఆమె వలచినది వేరొకనిని. రాజు ప్రియుని తల నరికి, ఆమెను సజీవముగా దహించును. ఇంతటి అన్యాయము పొందిన స్త్రీకి చిత్రము ఇచ్చినవి రెండే: ఒక పాట, కొన్ని బెదరింపులు. ఆమె పూర్వకథను ఇతరులు తమ భాషలో చెప్పుదురు. ఆమె తన భాషలో చెప్పుకొను అవకాశము లేదు. తెలుగు ఆమెకు వేషమైనదేగాని వాక్కు కాలేదు. చిత్రముయొక్క ప్రధానలోపమిది. ఇంట చూచు తెలుగువారికే ఈ లోపము స్పష్టముగా తెలియును.

నటనయందును భేదము కలదు. జ్యోతిక విశాలనేత్రములతో చూపిన ఉగ్రత పెద్దతెరకు తగినది; చిన్నతెరపై కొంత అతిశయించినట్లు తోచును. 'ఆప్తమిత్ర'లోని సౌందర్య కన్నడదేశీయురాలయ్యును తెలుగు చిత్రములచే తెలుగువారి యింటి ఆడుపడుచు వంటిదైన నటి. 2004 ఏప్రిల్ 17న విమానప్రమాదమున ఆమె మరణించిన పిమ్మట ఆ చిత్రము విడుదలయ్యెను. ఇది ఎరిగి చూచువారికి దయ్యముకంటె ముందు ఆ ముఖమే కంట తడి పెట్టించును.

నర్తకికి తెలుగు నిచ్చుట కేవలము యాదృచ్ఛికమైనను చరిత్రకు విరుద్ధము కాదు. నాయకరాజుల, మరాఠారాజుల తంజావూరులో తెలుగు ఆస్థానభాష, నాట్యభాష. క్షేత్రయ్య పదములు తమిళదేశపు నర్తకీమణుల కంఠములందే నిలిచినవి. 18వ శతాబ్దమున ప్రతాపసింహుని ఆస్థానములోని గణిక ముద్దుపళని 'రాధికాసాంత్వనము' రచించెను. బెంగుళూరు నాగరత్నమ్మ దానిని 1910లో పరిష్కరించి ప్రకటింపగా ప్రభుత్వము అశ్లీలమని నిషేధించెను. టంగుటూరి ప్రకాశం మంత్రివర్గకాలమునగాని ఆ నిషేధము తొలగలేదు. తాళము బిగించిన గదిలో తెలుగు నర్తకి యను కల్పనకు ఇంతకంటె సత్యమైన ఉపమానము దొరకదు. చిత్రకర్తలు ఈ చరిత్రను తడవి చూచియున్నచో వారి నర్తకికి పాటతోపాటు మాటయు దక్కెడిది.

ఇక పిల్లల సంగతి. తెలుగు చదువనేరక, ఇంట మాత్రమే దానిని వినుచు పెరుగు బాలునకు, తోడి బాలురు దయ్యమువలె తెలుగు పలికి ఎగతాళి చేసినచో, ఆ భాష సిగ్గునకు కారణము కావచ్చును. ఇంటిలో అమ్మతో తెలుగు మాటలాడుటకే వాడు వెనుదీయవచ్చును. చిన్నదిగా కనబడు ఈ విషయముతోనే కొన్ని యిండ్ల భాష ఒక తరములో ఆగిపోవును. అందులకు చిత్రమును కట్టివేయుట మందు కాదు. వాడు తోడి పిల్లల యింటనో, చేతిలోని ఫోనులోనో చూడనే చూచును. పెద్దలు ప్రక్కన కూర్చుండి, ఆ స్త్రీ ఏమనుచున్నదో, ఏల ఏడ్చుచున్నదో, ఆమె వంటి నర్తకులు ఎట్టి పదములు పాడిరో చెప్పగలిగినచో, ఆ భాష బాలునకు దయ్యము భాషగా మిగులదు. ప్రదర్శనశాలలో ప్రక్కవారికి అర్థము చెప్ప వీలు లేదు. ఇంటిలో చిత్రమును నిలిపి చెప్పవచ్చును.