యాత్రికుని మౌనం: ధాన్యకటకంలో హుయాన్‌త్సాంగ్

హుయాన్‌త్సాంగ్ ధాన్యకటక దేశానికి వచ్చాడు, కాని అమరావతి మహాస్తూపాన్ని గురించి ఒక్క మాటైనా వ్రాయలేదు. ఆంధ్రదేశపు బౌద్ధక్షేత్రాలను అధ్యయనం చేసే ప్రతివారికీ ఏదో ఒకనాడు ఈ మౌనం ఎదురవుతుంది. క్రీ.శ. 639 ప్రాంతంలో ఇక్కడికి చేరిన ఆ చీనా భిక్షువు, రాజధానికి తూర్పున కొండను ఆనుకొని పూర్వశైల సంఘారామం, పడమట కొండను ఆనుకొని అపరశైల సంఘారామం ఉన్నాయన్నాడు. మైత్రేయుని రాకకై భావవివేకుడు నిరీక్షిస్తున్నాడని చెప్పే శిలను నగరానికి దక్షిణాన చూపాడు. కృష్ణ ఒడ్డున చదునైన నేలమీది మహాచైత్యం మాత్రం ఆ వర్ణనలో కానరాదు.

పంతొమ్మిదో శతాబ్ది పండితులు ఈ లోటును పూడ్చబూనారు. అమరావతి పరిసరాలలో వర్ణనకు సరిపడే కొండలు కనబడనందున జేమ్స్ ఫెర్గుసన్ రాజధానినే బెజవాడకు తరలించాడు. అక్కడ ఊరికి ఇరువైపులా కొండలున్నాయి గదా! గ్రంథంలోని దిక్కులకు తగినట్లు నేలను సవరించే ఈ పద్ధతి విచారణకు నిలువదు. అమరావతి శాసనాలలోనే ఆ నగరం పేరు ఉన్నది కనుక ధాన్యకటకం ధరణికోటే అన్నది నేడు స్థిరపడిన విషయం. ఇక పూర్వశైల, అపరశైల అనేవి కేవలం కట్టడాల పేర్లు కావు. పాళీ అట్ఠకథలు అంధక నికాయాలుగా లెక్కించే నాలుగింటిలో అవి రెండు. అపరశైలీయులకు సన్నిహితమైన పేరొకటి ఎగువన నాగార్జునకొండ శాసనాలలో పలుమార్లు వస్తుంది. స్థానికులు చెప్పిన నికాయనామాలు యాత్రికుని చెవిలో దిక్కులుగా, కొండలుగా రూపుకట్టాయేమోనని నాకు తోస్తుంది. ఇది ఊహయే, కాని నగరాన్ని కదిలించడం కంటె చిన్న ఊహ.

ఇంతకంటె పెద్ద చిక్కు అనువాదాలలో ఉన్నది. ధాన్యకటకంలో విహారాలు అనేకమనీ, వాటిలో చాలవరకు పాడుపడ్డాయనీ, సుమారు ఇరవై విహారాలలో వేయిమందికి పైగా భిక్షువులున్నారనీ హుయాన్‌త్సాంగ్ వ్రాశాడు. 1884లో వెలువడిన శామ్యూల్ బీల్ ఆంగ్లానువాదం వారందరినీ మహాయానులను చేసింది. థామస్ వాటర్స్ వ్యాఖ్యానం ఆ వాక్యాన్ని మహాసాంఘికులుగా చదివింది. చీనా మూలం ఉన్నదీ అలాగే. బీల్ అనువాదాన్నే ప్రమాణంగా తీసుకొన్న రచనల ద్వారా ఏడవ శతాబ్ది ధాన్యకటకం మహాయాన కేంద్రమనే మాట మన సామాన్య చరిత్రలలోకీ చేరింది. మహాసాంఘికులు, మహాయానులు ఒకరు కారని భిక్షువులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క పదం తప్పుగా అనువదించినందువల్ల ఒక నికాయపు చివరి ఆచూకీలలో ఒకటి చెరిగిపోతున్నది.

మూలపాఠానికి బలమైన సాక్ష్యం శిష్యుడు హుయిలీ వ్రాసిన జీవితచరిత్రలో ఉన్నది. ఇక్కడ సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువులు మహాసాంఘిక త్రిపిటకంలో నిష్ణాతులు. హుయాన్‌త్సాంగ్ కొన్ని నెలలపాటు నిలిచి వారివద్ద ఆ నికాయపు మూలాభిధర్మాదులు చదివాడు. వారు ఆయనవద్ద మహాయాన శాస్త్రాలు చదివారు. తరువాత ముగ్గురూ కలిసి తీర్థయాత్రకు బయలుదేరారు. యాత్రాగ్రంథంలో ఈ ముచ్చట లేదు. దేశవివరాల పట్టికగా కూర్చి చక్రవర్తికి సమర్పించిన గ్రంథంలో గురువుల పేర్లకు చోటు దొరకకపోవడం సహజమే. అయితే ధాన్యకటకంలో ఆయన నెలల తరబడి చేసింది విద్యార్జన. చైత్యాల కొలతలకై ఆయనను వెదకే మనం, ఆయన ఎవరి ముందు కూర్చొని చదివాడో పట్టించుకోలేదు. పురావస్తు వ్యాసాలలో ఆ ఇద్దరు ఆంధ్ర ఆచార్యుల పేర్లు ఎంత అరుదో గమనిస్తే ఆశ్చర్యం వేస్తుంది.

స్తూపాన్ని గురించిన మౌనాన్ని బట్టి అది అప్పటికే శిథిలమై మరుగున పడిందని తీర్మానించేవారున్నారు. యాత్రికుడు పేర్కొనని ప్రతిదీ లేదనుకుంటే, క్రీ.శ. 1182లో కోట వంశపు కేతరాజు అమరావతి బుద్ధునికి దీపాలు ఏర్పరచిన శాసనాన్ని ఏం చేయాలి? సింహళంలో క్యాండీ సమీపాన గడలాదెణియ శిలాశాసనం ఉన్నది, 1344 నాటిది. ధర్మకీర్తి స్థవిరుడు శ్రీధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని జీర్ణోద్ధరణ చేయించాడని అది చెబుతున్నది. హుయాన్‌త్సాంగ్ వచ్చిపోయిన ఏడు వందల ఏళ్ల తరువాత కూడా సముద్రం ఆవలి భిక్షువు ఒకడు బాగుచేయించదగినంతగా ఆ క్షేత్రం నిలిచి ఉన్నదన్నమాట. ధర్మకీర్తి యాత్రాగ్రంథం ఏదీ మనకు దక్కలేదు. అందుకే కాబోలు, అమరావతిని గురించిన మన రచనలలో చీనా యాత్రికునికి పుటలు, ఈ సింహళ స్థవిరునికి ఒక పంక్తి. ఆ ప్రతిమాగృహం తవ్వకపు భూమిలో ఎక్కడ ఉండేదో ఇంకా వెదకవలసి ఉన్నది. మధ్యయుగపు ఇటుక పొరలను తొలగించవలసిన చెత్తగా చూసిన తొలి తవ్వకాల వల్ల ఆ పని మరింత కష్టమైంది.