గొర్రెలకి మేలా, కీడా?

చెంచు పిల్ల అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 1958 నాటి 'చెంచులక్ష్మి'లో అంజలీదేవి. ఆ సినిమా మీద నాకేం కోపం లేదు. ఇవాళ టీవీలో వచ్చినా పొయ్యి ఆర్పేసి వచ్చి కూచుంటాను. కాని దానివల్ల ఒక చిక్కు వచ్చిపడింది. అడవి మనిషి అంటే పూసలు, పాట, ఆట వుండి తీరాలని మన కళ్లకి అలవాటైపోయింది. మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే బస్సులో మన పక్కనే కూచున్న సుగాలీ అమ్మ గాని, చెరువుకట్ట దగ్గర కాపురమున్న యానాదులు గాని ఆ లెక్కలోకి రాలేదు. వాళ్లు సినిమాలో మాదిరి లేరు మరి!

ఈ మధ్య పెద్ద పెద్ద ఆర్టు మ్యూజియాలలో ఆదివాసులు తమ గురించి తామే తీసుకున్న చిన్న చిత్రాలు వేస్తున్నారు. న్యూయార్కులోని మోడరన్ ఆర్ట్ మ్యూజియం 2008లో అలానిస్ ఒబొంసావిన్ చిత్రాలను వరసగా ప్రదర్శించింది. ఆవిడ కెనడాలో అబెనకీ తెగ మనిషి. పాటలు పాడుతూ, కథలు చెబుతూ సినిమాలోకి వచ్చారు. మొదటి చిత్రం 'క్రిస్మస్ ఎట్ మూస్ ఫ్యాక్టరీ', 1971లో తీసింది, 13 నిమిషాలు. పేరు చూసి కార్ఖానా అనుకునేరు, అదొక చలిదేశపు వూరు. అక్కడి హాస్టలు బడిలో వున్న క్రీ తెగ పిల్లలు క్రేయాన్లతో వేసిన బొమ్మలు, వాళ్ల గొంతులు, చిత్రమంతా అంతే. పెద్దవాళ్లెవరూ మధ్యలో దూరి "అయ్యో పాపం" అనరు. నాకు బాగా నచ్చింది అదే.

అంతకు ముందు 1966లో అమెరికాలో ఇంకో సంగతి జరిగింది. అరిజోనాలో పైన్ స్ప్రింగ్స్ అనే చోట సోల్ వర్త్, జాన్ అడేర్ అనే పరిశోధకులు నవాహో తెగవాళ్లకి కెమెరాలిచ్చి, వాడకం నేర్పి, మీకు తోచింది తీయండి అన్నారు. సూసీ బెనల్లీ అనే ఆమె తన తల్లి కంబళి నేయడం తీసింది. తీరా చూస్తే అందులో నేత తక్కువ! గొర్రెలు, వున్ని కత్తిరించడం, కుంకుడుకాయలా నురగొచ్చే యుక్కా వేరు తవ్వి తెచ్చి వున్ని వుతకడం, రంగుకి మొక్కలు ఏరడం, వడకడం, మధ్యలో నడక, మళ్లీ నడక. మాటల్లేవు. మొదట నాకు విసుగే పుట్టిందని ఒప్పుకుంటాను.

తరవాత తట్టింది. మా మదనపల్లె నీరుగట్టువారిపల్లెకి పట్టుచీర కొనడానికి వెళ్తే మనం చూసేదేమిటి? మడత విప్పిన చీర, అంచు, ధర. మహా అయితే మగ్గం. పురుగులకి మల్బరీ ఆకు వేసినామె, ఆసు పోసినామె, కండెలు చుట్టినామె మన కంట పడరు. సూసీ లెక్కలో కంబళి గొర్రె దగ్గర మొదలవుతుంది. బయటివాడు తీసివుంటే మగ్గంతో మొదలెట్టి, ముసలామె ముడతల మొహం తెరనిండా చూపించి సరిపెట్టేవాడు.

పరిశోధకులు అనుమతి కోసం వెళ్తే అక్కడి పెద్దాయన, సినిమాలు తీస్తే గొర్రెలకి కీడా అని అడిగాడట. లేదన్నారు. పోనీ మేలా? అదీ లేదన్నారు. మరెందుకు తీయడం అన్నాడు. 2002లో అమెరికా ఈ చిత్రాలను భద్రపరచవలసిన సినిమాల జాబితాలో చేర్చింది. సంతోషమే. అయినా ఆ పెద్దాయన ప్రశ్న మ్యూజియం చీకటి గదిలో బెంచీ మీద కూచున్న వాళ్లకి వినబడుతుందా అని నా అనుమానం. మన హైదరాబాదు మాసబ్ ట్యాంకు దగ్గర గిరిజన మ్యూజియంలోనూ ఆదివాసులు బొమ్మలై వున్నారు. చక్కటి బొమ్మలే, కాని నడవవు.

కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం వుంది. జానపదాల మీద, గిరిజన జీవితం మీద పరిశోధనలు జరుగుతున్నాయి. పరిశోధనంటే మళ్లీ మనం వెళ్లి వాళ్లని అడగడమే కదా! తండాలో ఇంటరు చదివే పిల్ల చేతిలో ఇవాళ సెల్‌ఫోను వుంది. వాళ్ల అవ్వ అద్దాల లంగా కుట్టడాన్ని ఆ పిల్ల తీస్తే చూడాలని నాకెంతో కోరిక. అందులో కుట్టుపని రెండు నిమిషాలే వుండి, తెల్లవారుజామున కూలికి వెళ్లే బస్సు కోసం నిలబడడమే ఎక్కువ వుందనుకోండి. ఆట ఏదీ, పాట ఏదీ అని మనం అడక్కూడదు.

సూసీ తల్లి ఆల్టా కాన్‌కి ఇంగ్లీషు రాదు. కెమెరా వాడకం ఆమెకి కూతురే నేర్పింది. ఆ తల్లి కూడా ఒక చిత్రం తీసింది, పేరు 'ది సెకండ్ వీవర్'. ఈసారి నడికట్టు నేస్తూ కనబడేది కూతురు.