248వ రోజు కోసం కాపలా

మలేషియాలోని జార్జ్ టౌన్‌కు దక్షిణాన, పెనాంగ్ విమానాశ్రయం దగ్గర బయాన్ లెపాస్ పారిశ్రామికవాడ ఉంది. అమెరికా బయట చిప్పుల సంస్థ ఇంటెల్ తన మొదటి ఫ్యాక్టరీని 1972లో పెట్టింది పెనాంగ్‌లోనే. చిప్పులను విపరీతమైన వేడిలో, మామూలుకన్నా ఎక్కువ వోల్టేజీలో గంటల తరబడి నడిపి, బలహీనమైనవాటిని గుమ్మం దాటకముందే పట్టుకోవడాన్ని ఈ పరిశ్రమలో ‘బర్న్-ఇన్’ అంటారు.

పరికరాల్లోని సాఫ్ట్‌వేర్‌ను అలా సతాయించే టెస్టర్లంటే నాకు గౌరవం. పద్ధతిగా రాసుకున్న పరీక్షల జాబితా అక్కర్లేదని కాదు. ప్రతి నియమానికీ ఒక పరీక్ష, ప్రతి మార్పు తర్వాతా అన్నీ మళ్లీ నడపడం: అది లేకపోతే నిన్న బాగుచేసింది ఇవాళ చెడినా తెలియదు. కానీ ఆ జాబితా మనకు తట్టిన ప్రశ్నలే వేస్తుంది.

తట్టని ప్రశ్న ఎలా ఉంటుందంటే: బోయింగ్ 787లో జనరేటర్లను నియంత్రించే యూనిట్లు ఆపకుండా 248 రోజులు నడిస్తే లోపలి కౌంటర్ నిండిపోయి, విమానంలో ఏసీ కరెంటంతా పోవచ్చని 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ హెచ్చరించింది. దాన్ని పట్టింది ప్రయోగశాల పరీక్షే, ఆకాశంలో ప్రమాదం కాదు. సెకనులో వందో వంతు చొప్పున లెక్కపెట్టే, ఒక బిట్‌ను ప్లస్-మైనస్ గుర్తుకు కేటాయించిన 32 బిట్ల కౌంటర్ సరిగ్గా అప్పటికే నిండుతుంది.

అన్ని రోజులు ఎవరు కూర్చుంటారు? లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్ల ఉపాయం ముచ్చటైనది. మెషీన్ ఆన్ చేసిన అయిదు నిమిషాలకే కౌంటర్ నిండేలా దాని తొలి విలువను పెట్టారు. తప్పుంటే టీ చల్లారేలోపే బయటపడుతుంది.