అది ఎవరు?

స్త్రీవాద విమర్శ తెలుగులో నామవాచకాలతో చాలాకాలంగా తలపడుతోంది. మానభంగం, పతివ్రత, గొడ్రాలు, విధవ, ఉంపుడుగత్తె... ఒక్కో మాటనూ పట్టుకుని ఇది ఎవరి చూపును మోస్తోందని నిలదీశాం. కొన్నిటిని వదిలించుకున్నాం, కొన్నిటికి బదులు కొత్త మాటలు తెచ్చుకున్నాం. ఈ వ్యాసంలో నేను మాట్లాడదలచుకున్నది వీటన్నిటికంటే చిన్న మాట గురించి. రెండక్షరాల సర్వనామం, 'అది'.

'వాడు వచ్చాడు' అంటే వచ్చింది మగవాడే. 'అది వచ్చింది' అంటే ఎవరు వచ్చినట్టు? బస్సు కావచ్చు, ఆవు కావచ్చు, ఆడపిల్ల కావచ్చు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు రాసేవాళ్ళు ఈ మాటకు 'షి', 'ఇట్' రెండూ ఇవ్వక తప్పదు. మంచి మగవాడు 'మంచివాడు'. మంచి ఆడమనిషి 'మంచిది', మంచి గొడ్డలీ 'మంచిదే'. ఇదంతా ఏకవచనం సంగతి. బహువచనంలోకి వెళ్ళేసరికి కథ మారిపోతుంది. రెండు ఆవులు 'వచ్చాయి', ఇద్దరు ఆడవాళ్ళు 'వచ్చారు'. మగవాళ్ళకు వాడే 'వాళ్ళు', 'ఇద్దరు', 'ముగ్గురు' మనకూ వర్తిస్తాయి. అంటే తెలుగు వ్యాకరణంలో స్త్రీ ఒక్కతే ఉన్నప్పుడు వస్తువుల పక్కన, నలుగురితో ఉన్నప్పుడు మనుషుల పక్కన నిలబడుతుంది.

మన వ్యాకర్తలు దీన్ని గమనించకపోలేదు. 1858 నాటి 'బాలవ్యాకరణం'లో చిన్నయసూరి పురుషుల్ని తెలిపే మాటల్ని మహత్తులన్నాడు, మిగిలినవన్నీ అమహత్తులు. స్త్రీలను తెలిపే మాటలకు 'మహతీవాచకాలు' అని వేరే పేరు పెట్టాడు. మహత్తు అంటే గొప్పది. ఈ గొప్పతనం మనుషుల దగ్గర ఆగలేదు. సూర్యుడు ఉదయించాడు, చంద్రుడు అస్తమించాడు అంటాం. ఆకాశంలో మండే గోళానికి దొరికిన '-డు'కు సాటిగా, స్త్రీకి తనదంటూ ఒక ప్రత్యయం క్రియలో లేదు. దేవతకు కూడా లేదు. అహోబిలం నరసింహస్వామి పారువేటకు ఊళ్ళమీదికి వస్తే మా ఆళ్ళగడ్డ పల్లెల్లో 'సామి వచ్చినాడు' అంటారు. ఆయన పెళ్ళాడిన చెంచులక్ష్మి 'వచ్చింది'. నందవరం చౌడేశ్వరమ్మ ఎంత మహిమగల తల్లయినా ఊరేగింపుకు 'వచ్చింది'.

ఇరుగుపొరుగు భాషల్లో ఇలా లేదు. తమిళంలో 'అవన్', 'అవళ్', 'అదు' మూడూ వేరు. తొల్కాప్పియం లోకాన్ని ఉన్నతమైన వర్గం, అది కాని వర్గం అని రెండుగా విడదీసి, స్త్రీని ఏకవచనంలోనే పురుషుడితో పాటు ఉన్నత వర్గంలో ఉంచింది. కన్నడంలోనూ 'అవను', 'అవళు', 'అదు' ఉన్నాయి. ఆదిలాబాద్ ప్రాంతంలో వినిపించే గోండి, కొలామి భాషలు ఇంకోవైపు నిలబడతాయి. వాటిలో ఏకవచనంలోనే కాదు, బహువచనంలో కూడా స్త్రీలది పురుషేతర వర్గమే. ఒకే కుటుంబానికి చెందిన భాషలు ఒకే చిన్న మాటకు మూడు రకాల సరిహద్దులు గీసుకున్నాయి.

ఇక్కడ ఒక తొందరపాటు నిర్ణయం చేయాలనిపిస్తుంది. తెలుగు స్త్రీని వస్తువుగా దిగజార్చింది, తమిళం మనిషిగా నిలబెట్టింది అని. చరిత్ర దీన్ని ఒప్పుకోదు. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి ద్రావిడ భాషాశాస్త్రవేత్తల పరిశోధన ప్రకారం పురుషుడు ఒకవైపు, తక్కినవన్నీ ఒకవైపు అన్న ఏకవచన విభజనే పాతది. 'అవళ్' దక్షిణపు శాఖ తరవాత కల్పించుకున్న రూపం. అంటే స్త్రీని తీసుకెళ్ళి 'అది'లో పడేయలేదు. అందరూ ఉన్నచోటు నుంచి మగవాణ్ని మాత్రం లేపి వేరే పీటమీద కూర్చోబెట్టారు. ఆ పీటకు 'మహత్తు' అన్న పేరు తరవాతి పండితులు పెట్టింది. పైగా 'అవళ్' ఉన్నంతమాత్రాన తమిళ స్త్రీకి ఆస్తిలోనో చదువులోనో మనకంటే ముందుగా వాటా దక్కిందని ఎవరం చెప్పలేం. వ్యాకరణం అణచివేతను పుట్టించదు. కానీ ఉన్న అణచివేతకు పనిముట్లు అందిస్తుంది. చూడాల్సింది ఆ పనిముట్టు ఎవరి చేతిలో ఎలా పనిచేస్తోందన్నది.

యూరప్ భాషలు చూసినా ఇదే అర్థమవుతుంది. జర్మన్‌లో ఆడపిల్ల అనే 'మేట్‌హెన్' నపుంసక లింగం. చివర ఉన్న ముద్దుపేరు ప్రత్యయం అలా చేసిందంటారు. కానీ ముద్దు ప్రత్యయమేదీ లేని 'వైబ్' అనే పాత మాట, అంటే ఆడది, అదీ నపుంసకమే. లగ్జెంబర్గ్ భాషలో స్త్రీని మొదటి పేరుతో పిలిచే చనువు ఉంటే నపుంసక సర్వనామం 'హాట్' వాడతారు. అక్కడ అది తిట్టు కాదు, దగ్గరితనం.

మనకూ ఆ దగ్గరితనం తెలుసు. నేను కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో మా అవ్వ అరుగు మీద కూర్చుని, 'పొద్దు గూకె, అది ఇంగా రాల్యా' అని దారిన పోయేవాళ్ళందరికీ చెప్పేది. ఆ 'అది'లో నేను వస్తువుని కాను, ఆమె ప్రాణాన్ని. స్నేహితురాళ్ళం ఒకరి గురించి ఒకరం 'అది' అనుకుంటాం. ఆ మాట లేకపోతే మన స్నేహాల భాష సగం పోతుంది.

అదే వీధిలో ఇంకో 'అది' కూడా ఉండేది. పదేళ్ళ పెద్దకులం పిల్లవాడు, పొలంలో కలుపు తీసే అరవై ఏళ్ళ దళిత స్త్రీ గురించి 'అది పనికి వచ్చిందా?' అని అడిగేవాడు. ఆ పిల్లవాడి తల్లి వీధిలోకి వస్తే మాత్రం 'రెడ్డెమ్మ వచ్చినారు' అనేవారు. ఇద్దరూ స్త్రీలే. ఒకరికి బహువచనం దొరికింది, ఇంకొకరికి దొరకలేదు. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడుంది. మగవాడికి బహువచనం గౌరవం. అది లేకపోయినా 'వచ్చాడు' అన్నప్పుడు అతను మనిషే. స్త్రీకి క్రియలో మనుషుల వరసలోకి రావడానికి ఉన్న దారి ఆ బహువచనం ఒక్కటే. ఆమె ఒక్కతే అయినా పదిమంది అయినట్టు నటిస్తే తప్ప క్రియ ఆమెను మనిషిగా గుర్తించదు. ఆ నటనకు అర్హత ఎవరికి అన్నది కులం, డబ్బు, వయసు నిర్ణయిస్తాయి.

'అది' పోయి 'ఆమె' వచ్చింది కదా, సమస్య తీరింది కదా అంటారు. సర్వనామం మారింది, క్రియ మారలేదు. ఆమె 'వచ్చింది', ఆవిడ 'వెళ్ళింది'. మా రాయలసీమ వాళ్ళం ఇంకా న్యాయంగా 'ఆయప్ప', 'ఆయమ్మ' అని జోడు మాటలు చేసుకున్నాం. తండ్రికి తండ్రి, తల్లికి తల్లి. కానీ ఆయప్ప 'వస్తాడు', ఆయమ్మ 'వస్తాది'.

అయినా మా సీమ మాటలో ప్రామాణిక తెలుగు పోగొట్టుకున్నది ఒకటి మిగిలింది. ఆయప్ప వచ్చె, ఆయమ్మ వచ్చె, బస్సు వచ్చె. వాడు పాయె, అది పాయె. ఈ భూతకాల రూపం ఎవరినీ వేరుచేయదు. గ్రాంథికంలోని 'రాముడు వచ్చెను, సీత వచ్చెను'కు ఇది సొంత చెల్లెలు. గ్రాంథికంలో 'వచ్చినాడు, వచ్చినది' కూడా ఉన్నాయి, నిజమే. కానీ రచయిత్రికి రెండో దారి ఉండేది. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసిన భండారు అచ్చమాంబకు స్త్రీల గురించి '-ఎను' అని రాసే వీలుంది. ఇవాళ పత్రికా భాషలో కథ రాసే మనకు 'వచ్చాడు', 'వచ్చింది' రెండే మిగిలాయి. వ్యావహారికం మనకు ఇచ్చింది చాలా ఉంది, దాన్ని కాదనను. కానీ ఏ జిల్లాల వ్యావహారికం ప్రమాణమైంది, దానివల్ల ఏం పోయింది అన్న ప్రశ్నలో స్త్రీల ప్రశ్న కూడా ఉందని ఎందుకు అనుకోకూడదు?

ప్రథమ పురుషను దాటి 'నేను' దగ్గరికి రండి. మగవాడు 'నేను నంద్యాలవాణ్ని' అంటాడు. నేను 'నంద్యాలదాన్ని' అనాలి. అతను 'చదువుకునేవాణ్ని' అని రాస్తే నేను 'చదువుకునేదాన్ని' అని రాయాలి. నా గురించి నేను చెప్పుకుంటున్నప్పుడు కూడా 'అది' నాలో కూర్చునే ఉంది. తెలుగులో స్త్రీ ఆత్మకథ అంటే పేజీ పేజీకీ ఆడుకునేదాన్ని, ఏడ్చేదాన్ని, రాసుకునేదాన్ని. మరి ఆమె 'మేము' అనగానే? వెళ్ళేవాళ్ళం, పోట్లాడేవాళ్ళం, పాడేవాళ్ళం. 'దాన్ని' మాయమై 'వాళ్ళం' వస్తుంది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు ఆ శీర్షికలో 'మన' రెండుసార్లు వచ్చింది. మన స్త్రీల కథనాల్లో 'నేను' నుంచి 'మేము'కు జరిగే ప్రయాణాన్ని రాజకీయంగా చదివాం. వ్యాకరణంగా కూడా చదవాలని నా ప్రతిపాదన. అయితే మనిషి కావడానికి ప్రతిసారీ గుంపులో చేరాల్సిందేనా, ఒంటరి స్త్రీ సంగతేమిటన్న ప్రశ్న అక్కడే మిగిలి ఉంటుంది.

స్వీడన్‌లో స్త్రీ పురుష భేదం లేని 'హెన్' అనే సర్వనామం 2015లో అకాడమీ పదకోశంలో చేరింది. మనకు అలాంటి మాట పాతదే ఒకటి ఉంది, 'తను'. 2005లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న అబ్బూరి ఛాయాదేవి కథల సంపుటి పేరు 'తన మార్గం'. ఆ 'తన' ఎవరిదో వ్యాకరణం చెప్పదు. ఇప్పటి యువతరం సాటివాళ్ళను 'తను' అనడం పెరిగింది కూడా. అయినా 'తను' వచ్చినా క్రియ దగ్గర మళ్ళీ 'వచ్చింది' తప్పదు.

అందుకే కొత్త సర్వనామం కోసం వెతకడం కంటే ఉన్నవాటిని ఎలా పంచుతున్నామో చూసుకోవడం ముఖ్యమంటాను. అనువాదకులకు ఇది బాగా తెలుసు. పరాయి నవలలో యజమానురాలూ 'షి', పనిమనిషీ 'షి'. తెలుగులోకి వచ్చేసరికి ఒకరు 'ఆవిడ', ఒకరు 'అది' అయిపోతే ఆ తేడా మూలంలోది కాదు, మనది. మన సొంత కథల్లోనూ అంతే. పాత్రల సంభాషణలో 'అది' రావచ్చు, లోకం అలాగే మాట్లాడుతుంది కాబట్టి. కథ చెప్పే గొంతు ఎవరిని 'ఆమె' అంటోంది, ఎవరిని 'అది' అంటోంది, ఎవరికి 'వచ్చారు' ఇస్తోంది? మీ పాత కథ ఒకటి తీసి, పెన్సిలుతో సర్వనామాల కింద గీతలు గీసుకుంటూ చదవండి. ఏ స్త్రీకి ఏ మాట దక్కిందో ఆ గీతలే చెబుతాయి.