తాతపేరు రాతిలో దొరికితే

ఆనందపురం కూడలిలో పూల మార్కెట్టు ఎండ ముదరకముందే సద్దుమణుగుతుంది. ఆ మధ్య అక్కడ బంతిపూల గంపల పక్కన టీ తాగుతుంటే ఒకాయన, "మా వంశం గంగరాజుల నాటిదండి బాబూ" అన్నాడు. ఎలా తెలిసిందంటే ఫోన్లో బొమ్మ చూపించాడు. పైన సూర్యుడు, నడుమ ఒక చక్రవర్తి, అడుగున ఈయన తాత. చక్రవర్తికీ తాతకీ మధ్య నాలుగొందల ఏళ్ళు, తరాలు చూస్తే రెండే! డబ్బిచ్చి రాయించుకున్నాడట.

వంశాలు తేల్చే అసలు పనితనం ఎలా ఉంటుందో చూడాలంటే ఒడ్డాది మత్స్యుల వంశాన్ని పట్టుకోవాలి. చోడవరం దగ్గరి వడ్డాదే ఆ ఒడ్డాది. పాడేరు కొండల నుంచి ఈ మైదానం దాకా ఏలిన సామంతులు వాళ్ళు. దిబ్బిడలో దొరికిన రాగిరేకులు శకం 1191 నాటివి. 78 కలిపితే 1269. అర్జునుడనే మత్స్యరాజు దానమిస్తూ, చేప కడుపున పుట్టిన మూలపురుషుడి నుంచి తన దాకా ఇరవై పైచిలుకు తరాలు ఏకరువు పెట్టించాడు. ముని తపస్సు, అప్సరస, ఉత్కళ రాజు పిల్లనిచ్చి సీమ అప్పగించడం, అన్నీ ఉన్నాయి. పాడేరు వైపు మత్స్యగుండంలో చేపల్ని ఇప్పటికీ దేవుళ్ళలా చూస్తారు, ఎవరూ పట్టరు.

ఆ రేకుల్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికా పత్రికలో అచ్చువేయించిన మహానుభావుడు మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష గిడుగే, సవర నిఘంటువు గిడుగే! పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, గురువంటూ లేకుండా పాత లిపులు పట్టేశాడు. ముఖలింగం గుడి శాసనాలు తానే చదువుకుని, గంగరాజుల రాజధాని కళింగనగరం అదేనని వాదించి నిలబడ్డాడు. అయినా కృష్ణా గోదావరి చరిత్రకారుల పుస్తకాల్లో మా ఉత్తరాంధ్రకి దక్కే చోటు ఎంతంటారా, విస్తట్లో ఉప్పంత. ఈ మాటకి కొందరికి కోపం వస్తే రానీండి.

రేకులో రాజు చెప్పుకున్నదంతా నమ్మేస్తే అది పరిశోధన కాదు, భట్రాజు పొగడ్త. భట్రాజుల్ని తక్కువ చెయ్యడం లేదు. వాళ్ళూ, ఇంటింటి గోత్రాలు నోటికి చెప్పే పిచ్చుకగుంట్లవాళ్ళూ లేకపోతే సగం వంశాలకు ముత్తాత పేరే మిగలదు. మెకంజీ దొర మనుషులు, కావలి సోదరులు, ఊరూరా తిరిగి ఊరి చరిత్రల కైఫీయతులు సేకరించింది కొంత ఇలాంటి నోళ్ళ నుంచే. కానీ నోటిమాటకి రాతిసాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం సింహాచలంలో ఉంది. అప్పన్న గుడి స్తంభాల మీదా గోడల మీదా వందల శాసనాలు. ఫలానా రాజుగారి భార్య, ఫలానా వారి కూతురు, అఖండదీపానికి ఇన్ని గండమాడల నాణేలు ఇచ్చిందని ఉంటుంది. దీపం కోసం రాయించిన మనిషికి వంశం గురించి అబద్ధమాడే అవసరం తక్కువ. పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ ఒక్క వాక్యంలో దొరుకుతాయి. ఇంగ్లండులో పాత కుటుంబాల కూపీ లాగేవాళ్ళకి పన్ను చిట్టాలు, వీలునామాలు, 1538 నుంచి చర్చి రిజిస్టర్లు ఉన్నాయి. మనకు దీపాలున్నాయి.

చదవడం అంత తేలిక కాదు. గంగరాజుల శాసనాల్లోకి వస్తే అంకె కూడా మోసం చేస్తుంది. వాళ్ళ 'అంకం' లెక్కలో 1 ఉండదు, 6 ఉండదు, 16, 20, 26, 30 ఇలా ఆరుతో, సున్నతో ముగిసేవీ ఉండవు, 10 మాత్రం ఉంటుంది. 22వ అంకం అని ఉంటే రాజు గద్దెనెక్కి 18వ ఏడన్నమాట. ఇంకోచోట అంకెలే ఉండవు, నేత్రాలంటే రెండు, వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు. అదీ కుడినుంచి ఎడమకి కూర్చుకోవాలి. పేర్ల తికమక సరేసరి. తాతపేరు మనవడికి పెట్టే అలవాటు మనదే కదా. 1238లో గద్దెనెక్కిన గంగరాజు నరసింహదేవుడి నుంచి రెండువందల ఏళ్ళ పాటు నరసింహుడు, భానుదేవుడు, మళ్ళీ నరసింహుడు, మళ్ళీ భానుదేవుడు. నాలుగు జతలు! శకసంవత్సరం, తిథి, వారం మూడూ పొసగితే తప్ప తాతెవరో మనవడెవరో తేలదు.

శాసనాలకు నకలు తీసేవాళ్ళ చేతులు చూడాలి. రాయిని కుచ్చుతో కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో అక్షరాల గుంటల్లోకి కాగితం దిగేదాకా తట్టి తట్టి, సగం ఆరాక గుడ్డమూటతో మసి అద్దుతారు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరం లేచి వస్తుంది. ఒక్క దెబ్బ గట్టిగా పడితే కాగితం చిరుగుతుంది. సుతిమెత్తగా కొడితే సున్నాకీ గుడికీ తేడా ఉండదు. కంటికి అరిగిపోయిందనిపించిన పేరు కాగితం మీద పలుకుతుంటే ఒళ్ళు పులకరిస్తుందండీ!

ఇంత చేసి చదివే రాళ్ళు ఏమవుతున్నాయి? గుడి బాగుచేయడమంటే ఇసుకదెబ్బలతో రాయిని గీకడం, పైన ఎనామిల్ రంగు పూయడం. మా మండలం చుట్టుపక్కల ప్లాట్ల రాళ్ళు పాతేవాళ్ళు పాత రాయి కనిపిస్తే ప్రొక్లెయినర్‌తో పక్కకి తోసేస్తున్నారు. ఒక ఊళ్ళో చిన్న గుడి గుమ్మం పక్కన రాయి మీద నేను వేలితో తడిమి "రాజు కొడుకు" దాకా చదివాను. మరుసటి ఏడు వెళ్తే నీలం రంగు, దానిపైన చందాదారుల పేర్లు. ఎవరి కొడుకో ఆ రంగు కిందే ఉన్నాడు.

కమిటీ పెద్దలూ, మీ గుడికి రంగు వేయించే ముందు ఒక్కరోజు ఆగండి. ఆంధ్రా యూనివర్సిటీ చరిత్ర శాఖకో, పురావస్తు శాఖకో ఒక్క ఫోను చెయ్యండి. కాగితం, నీళ్ళు, మసి వాళ్ళే తెచ్చుకుంటారు.